పదిహేను వందల చొక్కాలు

పన్నెండు వేలన్నాడు డాక్టరు.
నాకు రూపాయలు తొందరగా తలకెక్కవు.
చొక్కాకి ఎనిమిది లెక్కన
మనసులోనే పేర్చుకుంటా పోయినా:
పదిహేను వందల చొక్కాలు.
ఈ భుజానికి అంత ధరుందని
ఇన్నాళ్ళూ నాకెవరు చెప్పినారు?

హుళిమావులో, అపార్ట్‌మెంటు గేటు పక్కన,
కానుగ చెట్టు కింద తోపుడు బండి.
పెట్టె ఏడు కేజీలు, బొగ్గులు పోస్తే ఇంకాస్త.
ఇరవై రెండేండ్లు.
ముందు జడేసుకోను చెయ్యి లేవలేదు.
ఆమీట రాత్రిపూట ఆ పక్కకి తిరిగితే
లోపలెవరో కూచుని
నిదానంగా గుడ్డ చించినట్టు.

స్కాను చూసి డాక్టరూ అదే మాటన్నాడు:
"కండని ఎముకకి కట్టే తాడమ్మా ఇది.
పీచులు లేచింది."
పీచులు లేచేది నాకు తెలుసు.
కాలరు మడత కాడ పాత కాటను అట్లే పోతుంది,
ముందు మెత్తబడి, తర్వాత తెల్లబడి,
ఒక పొద్దు వేలు పెడితే అవతలికి వస్తుంది.
"రఫూ చెయ్యొచ్చా సార్?" అన్నా.
నవ్వినాడు. "నీ రక్తంతోనే చేస్తాం."

నవ్వతా మోచెయ్యి బల్లకి ఆనించినాడు.
అప్పుడు చూసినా.
నీలం గీతల చొక్కా. బి బ్లాకు, ఆరొందల నాలుగు.
మూడో గుండీకి తెల్లదారం లేక
బూడిదరంగు దారంతో కుట్టింది నేనే.
నా మడత, నా గుండీ
ఆయన ఒంటిమీద నుంచి నన్ను పలకరించినాయి.
ఆయన మాత్రం కాగితం చూసి
"చెంగమ్మ, నలభై ఏడు" అని చదివినాడు.
నేనేమీ అనలేదు.
మూట తెచ్చేది వాచ్‌మన్ కదా.

ఎడమ చేతిలో తీసినారు నెత్తురు.
గొట్టంలో పోసి మిషన్‌లో పెడితే
గిర్రున తిరిగింది.
ఆ రొద నేనెరిగిందే,
మా అత్త చేతిలో బండని లాక్కున్న రొద.
ఆగినాక బయటికి తీస్తే
ఎరుపంతా అడుక్కి పేరుకుంది.
పైన, తేటగా, గంజి!
"ప్లాస్మా అమ్మా" అంది నర్సు పిల్ల.
పేరేదైనా కానీ పాపా,
నలిగిన చీరని నిలబెట్టేది
నా ఒంట్లోనే ఉండిందని
ఈ పొద్దు చూసినా.

చల్లటి జెల్లీ పూసి, టీవీలో దావ చూసుకుంటా
సూది దించినాడు.
నిప్పుల పెట్టె భుజంలో బోర్లించినట్టయింది.
"నొప్పి మాత్రలు మింగొద్దు.
ఆ మంటే పని చెయ్యాల."
ఇది ఒకరు చెప్పాల్నా?
నిప్పు లేకుండా ఏ మడత నిలిచింది?
"తగ్గుతుందా సార్?"
"కొందరికి తగ్గుతుంది. కొందరికి లేదు.
ఆరు వారాలు చూడాల."
ఆ మాటకే ఆయన నాకు నచ్చినాడు.
మరక చూసి నేనూ అంతే చెప్తా.

మూడు వారాలు పెట్టె ముట్టొద్దన్నారు.
రెడ్డెప్ప నిలబడినాడు బండి కాడ.
ప్యాంటుకి రెండు గీతలు తేల్చినాడు,
సి బ్లాకు మేడం సిల్కు పైట కాల్చినాడు.
పద్నాలుగొందలు.
ఇంకో నూట డెబ్బై ఐదు చొక్కాలు.
ఏమంటాం? ఆ మనిషి చేతులూ
ఎప్పుడూ నా మాదిరి తిరగలేదు.

ఇది ఐదో వారం.
చెయ్యి చెవి దాకా లేస్తాంది,
నడినెత్తికి పోదు.
నొప్పి తగ్గిందో,
నొప్పికి దావిచ్చి నేనే పక్కకి జరిగినానో.

నిన్న మూటలో వచ్చింది
నీలం గీతల చొక్కా.
చేతిపట్టీ మీద ఆవగింజంత మరక,
ఇటుక రంగుది.
మందో, నెత్తురో, ఎవరిదో.
వాళ్ళ మిషన్‌కి పోలేదు.
నీళ్ళు చిలకరించి, ఎడమ చేత్తో పెట్టె తోసి,
చివర్లో కుడిచెయ్యి కూడా కలిపి చూసినా.
మరక లోపలి మడతకి పోయేట్టు తిప్పి
మూట కట్టి పంపినా.

ఎనిమిది రూపాయలు.